నలభై ఒక్క సెకన్ల తెర

చచ్చిపోయిన యంత్రం పేరు వింటే సందడక్కకు ప్రాణం లేచొస్తుంది. ఎదుటి మనిషి "కంప్యూటరు పోయిందండీ" అని ఏడుపు ముఖంతో గుమ్మంలో నిలబడితే, ఈవిడ రెండు చేతులూ రుద్దుకుంటూ "అవునా! మొత్తం పోయిందా? లైటు కూడా వెలగట్లేదా?" అని ఎదురెళుతుంది. లైటు వెలుగుతోందంటే కొంచెం నిరాశ. ఫ్యాను కూడా తిరుగుతోందంటే ఇంకొంచెం నిరాశ. ఆ సంబరం చూసి ఒళ్ళు మండినవాళ్ళు కూడా సాయంత్రానికి బాగైన యంత్రాన్ని చంకలో పెట్టుకుని వెళుతూ నవ్వకుండా ఉండలేరు. అలా ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేకుండా పోయి, సందడక్క అన్నదే మిగిలింది.

ఆమె కొట్టు నిజానికి సగం కొట్టే. ఒకే గదిని నడుమ చెక్క నిలబెట్టి రెండు చేశారు. ఇటు ఆమె బల్ల, అటు భర్త కుట్టు మిషను. ఆయన దర్జీ. ఈవిడ బాగుచేసిన కంప్యూటర్లలో దారప్పోగులు, ఆయన కుట్టిన చొక్కా జేబుల్లో చిన్న చిన్న మరలు దొరకడం ఆ వీధికి అలవాటే. "చొక్కాకి స్క్రూ ఉచితం" అని ఆయనే ముందుగా చెప్పి నవ్వేస్తాడు. ఇరవై రెండేళ్ళ క్రితం ఆయన మిషను మోటారు కాలిపోయి, మెకానిక్కు మూడు రోజులు రేపూ మాపూ అని తిప్పితే, విసుగు పుట్టి ఆవిడే విప్పింది. విప్పింది, వాసన చూసింది, తీగ మార్చింది, తిరిగింది. ఆ మోటారు మళ్ళీ గర్రుమన్న క్షణంలో ఆమె వేసిన కేకకు పక్కింటివాళ్ళు దొంగలు పడ్డారనుకుని కర్రలు పట్టుకొచ్చారు. ఆ తర్వాత ఆవిడ వంటింట్లో ఉన్న సమయం కన్నా బల్ల ముందున్న సమయమే ఎక్కువ.

చదువు పెద్దగా లేదు. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పింది. దాచుకోదు సరికదా, పతకం వచ్చినట్టు చెప్పుకుంటుంది. మూడోసారి ఒక్క మార్కులో పోయిందని చెప్పేటప్పుడు మాత్రం వేలు పైకెత్తి చూపిస్తుంది.

పనిలో ఆమెకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది, సొంతదారు మాట వినకూడదు. "టీ ఒలికిందని నిజం చెప్పిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు. దానంతట అదే ఆగిపోయిందండీ అంటారు. విప్పితే లోపల టీ, పంచదార, ఒకసారైతే బిస్కెట్టు ముక్క కూడా. అందుకే మనుషుల్ని అడగను, యంత్రాన్నే అడుగుతాను" అంటుంది. రెండోది, యంత్రానికి అంటుకుని ఉన్నవన్నీ ముందు పీకెయ్యాలి. ప్రింటరు తీగ, పెన్‌డ్రైవు, చెవులకు పెట్టుకునేది, ఏదైనా సరే. ఉత్త ఒంటితో నిలబెట్టి అప్పుడు చూడాలి. ఇన్నేళ్ళూ ఈ రెండు పద్ధతులూ ఆమె పరువు నిలబెట్టాయి. ఆ రోజు మాత్రం ఆ రెండే ఆమెను నిలువునా ముంచబోయాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటంపావుకు బ్రెయిలీ ముద్రణాలయం మేనేజరు ఫోను చేశాడు. చూపు లేనివాళ్ళు వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల పుస్తకాలు అచ్చయ్యే చోటది.

"అక్కా, మా ఆల్ ఇన్ వన్ తెర నల్లగా అయిపోయింది. ఏ మీట నొక్కినా రావట్లేదు."

ఆల్ ఇన్ వన్ అంటే తెర ఒక చోట, పెట్టె ఒక చోట కాకుండా, సరంజామా అంతా తెర వీపుకే అతికించి ఉండే కంప్యూటరు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, విప్పాలంటే ప్రాణం తీస్తుంది.

"ఎన్నేళ్ళ నాటిది?" అంది సందడక్క.

"పదేళ్ళ పైమాటే."

"అబ్బ! పదేళ్ళదా!" ఆమె అప్పటికే సంచి సర్దుతోంది.

"వేరే ఆయన్ని అడిగితే ఫోన్లోనే బోర్డు పోయిందన్నాడక్కా, కొత్తది కొనుక్కోమన్నాడు."

"ఫోన్లోనే చూసేశాడా? మహానుభావుడు!"

మేనేజరు నవ్వలేదు. రేపు పొద్దున పది గంటలకు పదో తరగతి పరీక్ష. చూపులేని పిల్లలు తొమ్మిది మంది రాస్తున్నారు. వాళ్ళ ప్రశ్నపత్రం ఆ యంత్రంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. బయటికి పొక్కకూడదని ఒకే యంత్రంలో ఉంచి, దానికి నెట్టు కూడా పెట్టలేదు. ఈ సాయంత్రం ఆరు గంటలకు పరీక్షల బండి వచ్చి కట్టలు తీసుకుంటుంది. ఆ బండికి అందకపోతే ఆ తొమ్మిది మందికీ రేపు పేపరు ఉండదు, ఈ పరీక్ష పోయినట్టే.

"ఏం పరీక్ష?"

"లెక్కలు."

సందడక్క చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "అయ్యయ్యో! తప్పడానికైనా పేపరుండాలి కదయ్యా! నాకు మూడుసార్లిచ్చారు. వాళ్ళకి ఒక్కసారైనా ఇవ్వద్దూ? వస్తున్నా, దాన్ని ముట్టుకోకండి!"

"ఏమోయ్, అన్నం?" అని చెక్క అవతల్నించి భర్త అడిగేసరికే స్కూటరు వీధి మలుపు దాటింది.

ముద్రణాలయం ఒక గోదాము పైన మొదటి అంతస్తులో ఉంది. అట్టలాంటి మందపాటి కాగితం రీములు గోడ పొడుగునా నిలువెత్తు పేర్చి ఉన్నాయి. గది మధ్యలో చుక్కలు పొడిచే ప్రింటరు, దాని పక్కన కట్టలు కట్టే పెద్దాయన, ఆయన ఒళ్ళో పురికొస ఉండ. మేనేజరుకు ముప్పై ఏళ్ళు కూడా లేవు గానీ, ముఖంలో అరవై ఏళ్ళ దిగులుంది. ఆ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. యంత్రం ఒక మూల బల్ల మీద నిశ్శబ్దంగా, నల్లగా కూర్చుని ఉంది.

"ఇది మా మాస్టారి యంత్రమక్కా, పేపర్లు తయారుచేసేది ఆయనే. నిన్న రాత్రి ఆయనకి కడుపునొప్పి వచ్చింది, అపెండిక్స్ అన్నారు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. వాళ్ళ చెల్లెలికి ఫోను చేస్తుంటే ఎత్తట్లేదు. మాస్టారు మామూలుగా దీని మీద..."

"ఆయన సంగతి తర్వాత చెబుదురుగాని, ముందు దీన్ని అడుగుదాం," అని సందడక్క అడ్డు తగిలింది. చకచకా తీగలన్నీ పీకేసింది. ప్రింటరుది పీకింది, పెన్‌డ్రైవు పీకింది, పక్కనే మేకుకు వేలాడుతున్న హెడ్‌ఫోన్సు తీగ కూడా పీకింది. ఇక మిగిలింది కరెంటు తీగ, కీబోర్డు.

ఫ్యాను మీద చెవి పెట్టింది. తిరుగుతోంది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కింది. మూలన చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కింది, ఆరింది.

"బతికే ఉంది!" అని ఆమె చప్పట్లు కొట్టింది. "చూశారా మేనేజరు గారూ, నేను నొక్కింది దానికి తెలుస్తోంది, జవాబు చెబుతోంది. బోర్డు పోతే ఇలా చెప్పదు. బుర్ర బాగానే ఉంది, ముఖమే కనపడట్లేదు!"

సంచిలోంచి టార్చి తీసి తెర మీద ఏటవాలుగా వేసింది. తెర వెనకుండే దీపాలు పోతే బొమ్మ ఉంటుంది గానీ వెలుగుండదు, టార్చి వేస్తే నీడలా మసకగా కనబడుతుంది. ఆమె ముక్కు తెరకు ఆనించి అంగుళం అంగుళం వెతికింది. నీడ కూడా లేదు. "దీపాలు కాదు. సరే, ఇంకా మంచిదే. ఇంకో తెర తగిలించి చూద్దాం," అని వెనక తడిమింది. ఆ పాత యంత్రానికి బయటి తెర తగిలించే దారి లేదు. "లేదా! ఆహా, గడుసుదే!" అని దాని వీపు మీద చిన్నగా తట్టింది. మేనేజరు పెద్దాయన వైపు చూశాడు. ఈవిడకేమైనా మతి చలించిందా అని ఆ చూపు.

రెండున్నరకు యంత్రాన్ని మెల్లగా ఆపి, దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టింది. కరెంటు తీగ పీకి, లోపల మిగిలిన కరెంటు పోయేదాకా స్విచ్చి నొక్కి పట్టుకుంది. వెనక రేకు ఊడదీసేసరికి పదేళ్ళ దుమ్ము గుప్పున లేచింది. తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ, మెమరీ ముక్కలు రెండూ ఊడదీసి, వాటి బంగారు పళ్ళు రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చింది. తెరకు వెళ్ళే పల్చటి తీగను పీకి, ఊది, మళ్ళీ నొక్కింది. స్పీకరు తీగ ఊడి వేలాడుతూ ఉండడం కంటపడింది. స్పీకర్లు ఎప్పటి నుంచో మూగగా ఉన్నట్టున్నాయి. "నీ సంగతి తర్వాత" అని దాన్ని పక్కకు నెట్టింది. అక్కడ జరిగింది అసలు పొరపాటు, కానీ అది ఆమెకు అప్పటికి తెలియదు.

మూడుంబావుకు యంత్రం మళ్ళీ నిలబడింది. సందడక్క స్విచ్చి నొక్కింది.

ఎనిమిది సెకన్లకు తెర మధ్యలో కంపెనీ గుర్తు తళుక్కున వెలిగింది.

"వచ్చింది!" అని ఆమె వేసిన కేకకు పెద్దాయన ఒళ్ళోని పురికొస ఉండ కింద పడి గదంతా దొర్లింది. మేనేజరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు, మోకాలు బల్లకు కొట్టుకున్నా పట్టించుకోలేదు. ముగ్గురూ తెర ముందు గుమిగూడారు. గుర్తు కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. సందడక్క రబ్బరు ముక్కను ముద్దు పెట్టుకుంది. ఈ కబురు ఎవరికైనా చెప్పాలన్న ఆనందంతో మేనేజరు ఫోను తీశాడు.

తెర నల్లబడిపోయింది.

మేనేజరు ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. సందడక్క మాత్రం రెండు క్షణాలు నీరుగారి, మూడో క్షణంలో మళ్ళీ చేతులు రుద్దుకుంది. "కంగారు పడకండి. తెర మంచిదని తేలిపోయింది కదా! వేడెక్కి పోతోందేమో," అని మళ్ళీ బోర్లా పడుకోబెట్టింది. మెమరీ ముక్క ఒకటి తీసేసి, మిగిలినదాన్ని రెండో గాడిలో పెట్టింది. ఫ్యాను రెక్కల మధ్య మట్టిని పుల్లతో గీకింది. నాలుగింటికి మళ్ళీ స్విచ్చి నొక్కింది. గుర్తు వచ్చింది, చుక్కలు తిరిగాయి, నల్లబడింది.

ఈసారి మేనేజరు గడియారం కేసి చూశాడు. "అక్కా, ఇంకో రెండు గంటలే ఉంది. పై ఆఫీసుకి చెప్పేయమంటారా? పేపరు రాదని చెబితే వాళ్ళు ఆ పిల్లల్ని రావద్దని..."

"నోరు మూసుకో నాయనా," అంది ఆమె, ఇంతసేపూ గారు అన్న సంగతి మరచిపోయి. "ఒక్క నిమిషం. ఏదో ఉంది. ఇది నాకేదో చెబుతోంది."

యంత్రాన్ని ఆపింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే స్విచ్చి నొక్కింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. నలభై ఒకటి దగ్గర తెర ఆరింది. మళ్ళీ ఆపి, మళ్ళీ నొక్కింది. నలభై ఒకటి. ఆమె బల్ల మీద చేత్తో చరిచింది.

"వేడి వల్ల అయితే మొదటిసారి కన్నా రెండోసారి తొందరగా పోవాలి. తీగ వదులైతే ఎప్పుడు పడితే అప్పుడు పోవాలి. పాడైపోయినదానికి టైమెలా తెలుస్తుందయ్యా? ఇది టైముకి పోతోంది. అంటే పాడవలేదు! ఆరిపొమ్మని దీనికి ఎవరో చెప్పారు, ఇది బుద్ధిగా ఆరిపోతోంది!"

"ఎవరు చెబుతారక్కా? ఆరిపొమ్మని ఎవరైనా ఎందుకు చెబుతారు?"

సందడక్క అప్పుడు మొదటిసారి యంత్రాన్ని వదిలేసి దాని చుట్టూ చూసింది. ఆ మూలకు కిటికీ లేదు. బల్ల పైన దీపం హోల్డరు ఉంది, అందులో బల్బు లేదు. కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి మీటలు నున్నగా తెల్లగా ఉన్నాయి, ఎవరూ వాటిని తిరిగి రాయించుకోలేదు. మౌసు ఉండాల్సిన చోట మౌసు లేదు, ఉన్న జాడ కూడా లేదు.

"ఇక్కడ కూర్చునే మాస్టారికి..." అంది నెమ్మదిగా. "చూపు ఉందా?"

"లేదు కదక్కా," అన్నాడు మేనేజరు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "పుట్టుకతోనే లేదు. చెప్పలేదూ?"

"చెప్పలేదు!"

"చెప్పబోతుంటే మీరే తర్వాత అన్నారు."

"మరి రోజూ ఈ తెర వెలుగుతూ ఉండేదా, నల్లగా ఉండేదా?"

మేనేజరుకు తెలియదు. పరీక్ష పేపర్ల యంత్రం కదా అని నాలుగు నెలలుగా అతను మర్యాదకు దాని వైపు కన్నెత్తి చూడలేదు. ఈ పొద్దున కూర్చున్నదే మొదటిసారి. పెద్దాయన పురికొస చుట్టుకుంటూ, "నేనెప్పుడూ దీన్ని వెలుగుతుండగా చూళ్ళేదమ్మా. అదలాగే ఉంటుందనుకున్నా," అన్నాడు.

సందడక్క నెత్తిన చేతులు పెట్టుకుంది. రెండున్నర గంటలు! చూపులేని మనిషి యంత్రాన్ని చూపుతో పరీక్ష చేస్తూ కూర్చుంది తను. ఆయనకు తెరతో పనేమిటి? ఆయన పనంతా చెవులతో. ఆ చెవులను వచ్చీ రాగానే పీకేసింది తనే! ఊడిన స్పీకరు తీగ కంటపడినా పక్కకు నెట్టింది తనే! సిగ్గూ సంబరమూ ఒకేసారి తన్నుకొచ్చి ఆమె పకపకా నవ్వేసింది. హెడ్‌ఫోన్సు లాక్కుని, తీగ గుచ్చి, చెవులకు పెట్టుకుంది.

యంత్రం మాట్లాడుతోంది. పొద్దుట్నుంచీ మాట్లాడుతూనే ఉంది కాబోలు. ఒక్క మీట నొక్కితే చాలు, తేనెటీగల గుంపు చెవిలో దూరినట్టు గలగలమని ఏదో చెప్పేస్తోంది. మాస్టారి చెవికి ఆ వేగం సరిపోతుందేమో గానీ, ఈవిడకు ముక్క అర్థమైతే ఒట్టు.

"మాట్లాడుతోంది! మాట్లాడుతోందయ్యా! కాకపోతే నాకు అంతుపట్టట్లేదు," అని ఆమె అరుస్తుండగానే మేనేజరు ఫోను మోగింది. మాస్టారి చెల్లెలు. ఫోను సంచిలో ఉండిపోయిందట, ఆపరేషన్ బాగా జరిగిందట, అన్నయ్యకు ఇప్పుడే తెలివొచ్చిందట. సందడక్క ఆ ఫోను అతని చేతిలోంచి దాదాపు గుంజుకుంది.

"ఆయన చెవి దగ్గర పెట్టు తల్లీ, ఒక్క మాట!"

కాసేపు గరగర. తర్వాత లోతుగా, నీరసంగా ఒక గొంతు. "ఎవరమ్మా?"

"మీ కంప్యూటరు బాగుచేయడానికి వచ్చానండీ. తెర నల్లగా ఉంది."

"ఉంటుందమ్మా. నేనే వేశాను దానికి పరదా. రెండేళ్ళయింది."

"ఎందుకండీ!"

"లోపల ప్రశ్నపత్రాలుంటాయి. నేను పనిచేస్తుంటే వెనక ఎవరొచ్చి నిలబడి చదువుకుంటున్నారో నాకు తెలియదు కదా. చదివి వినిపించే ప్రోగ్రాములోనే ఆ ఏర్పాటుంది, తెర మూసేసి పని చేసుకోవచ్చు. పేపరు ముద్రించేశారా?"

"ఇంకా లేదండీ."

అటు నుంచి ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినబడింది. "టైమెంత?"

"అయిదుకి పది."

"సరిపోతుంది. కూర్చోండి. పరదా తీసేయమంటారా? రెండు మీటలు చెబుతాను. మీకు సులువవుతుంది. మీ వెనక ఎవరున్నారో మీరు చూసుకోగలరు, అది చాలు నాకు."

సందడక్క వెనక్కి తిరిగి చూసింది. ఎడమ భుజం మీదుగా మేనేజరు, కుడి భుజం మీదుగా పెద్దాయన, ఇద్దరూ మెడలు సాచి ఆ నల్లతెరలోకే చూస్తున్నారు. పాపం, ఇద్దరిలో దుర్బుద్ధి ఏ కోశానా లేదు. అయినా చూస్తున్నారు. తను మాత్రం చూడకుండా ఉండగలదా? మూడుసార్లు తప్పిన లెక్కల పేపరు కళ్ళ ముందు వెలిగితే!

"వద్దు మాస్టారూ. వేసే ఉండనీండి. మీరు చెప్పండి, నేను నొక్కుతాను."

ఒక చెవికి ఫోను, ఇంకో చెవికి హెడ్‌ఫోను. ముందు వేగం తగ్గించాలి. కంట్రోలూ ఇన్సర్టూ కలిపి పట్టుకుని కింది బాణం నొక్కమన్నారు. నొక్కుతూ పోయింది. తేనెటీగలు ఒక్కొక్కటే విడిపోయి మాటలయ్యాయి. "వినబడుతోంది! అక్షరం అక్షరం వినబడుతోంది!" అని ఆమె కుర్చీలో ఎగిరింది. "కీబోర్డు మీద అక్షరాలు లేవే?" అంటే, "రెండు మీటల మీద సన్నటి గీతలుంటాయి, చూపుడు వేళ్ళు వాటి మీద పెట్టండి. మిగతావి అక్కణ్ణుంచి లెక్క" అన్నారు మాస్టారు. ఆయన మాట మధ్యలో ఆగి ఆగి వస్తోంది. మత్తు ఇంకా దిగలేదు కాబోలనుకుంది ఆమె.

ఫైలు దొరికింది. రహస్యపదం అడిగింది. "ఇది మీరొక్కరే వినాలి," అన్నారు మాస్టారు. ఆమె చెయ్యి ఊపితే మేనేజరూ పెద్దాయనా మెట్ల దాకా వెళ్ళి నిలబడ్డారు. తొమ్మిది అక్షరాలు. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ తడిమి కొట్టింది. యంత్రం తప్పు అంది. అరచేతులు చీరకు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి కొట్టింది. యంత్రం క్షణం ఆగి, తెరుచుకుంది అంది.

ముద్రణ మీట మీద ఆమె వేలు ఆగింది. ఇన్నేళ్ళలో కళ్ళారా చూడని పనిని ఆమె ఎప్పుడూ పూర్తయిందనలేదు. ఇప్పుడు ఏ కాగితం వస్తుందో, ఎన్ని వస్తాయో, తిరగబడి వస్తుందో ఏమీ తెలియదు.

"నొక్కండమ్మా."

నొక్కింది. ఏమీ కాలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు.

"ప్రింటరు తీగ!" అని మెట్ల మీంచి పెద్దాయన కేకేశాడు. తనే పీకిన తీగ! ఆమె నాలుక కరుచుకుని, బల్ల కింద దూరి, గుచ్చింది. గదంతా అదిరిపోయేలా ప్రింటరు లేచింది. టకటకటకటక! దళసరి కాగితం ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, ఒంటి నిండా చుక్కలతో బయటికి వచ్చింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ముగ్గురూ దానికేసి చూశారు. కళ్ళున్న ముగ్గురిలో ఒక్కరికీ ఒక్క చుక్క అర్థం కాలేదు.

"సరిగ్గా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

"ఫోను ప్రింటరు దగ్గర పెట్టండి."

పెట్టింది. ఆయన వింటున్నారు. టకటకల వరస నిండుగా సాగి, ఒకచోట తెరిపి తెరిపిగా మారింది. టక్... టక్టక్... టక్. "అదీ. మూడో పేజీ, పట్టిక వచ్చింది. గడుల మధ్య ఖాళీలు సరిగ్గా ఉన్నాయి," అన్నారు. "ఆపకండి. తొమ్మిది ప్రతులు, పన్నెండేసి పేజీలు. నలభై నిమిషాలు."

ఆ నలభై నిమిషాలూ ఆ గది పెళ్ళివారిల్లే. మేనేజరు పేజీలు వరసపెడుతుంటే, పెద్దాయన కట్టలు కట్టి లక్క వేశాడు. సందడక్క కాగితం ఇరుక్కోకుండా ప్రింటరు నోటి దగ్గర కాపలా కాస్తూ, ప్రతి ప్రతి పూర్తి కాగానే "నాలుగు!", "అయిదు!" అని ఫోనులోకి అరిచింది. అటు నుంచి మాస్టారు ఏ పేజీలో ఏ చప్పుడు రావాలో ముందే చెబుతున్నారు, అలాగే వస్తోంది. ఆరో ప్రతిలో కాగితం కొంచెం పక్కకు జరిగితే, ఆమె చూసేలోపే ఆయన విని "లాగండి, ఎడమకు లాగండి!" అన్నారు.

ఏడో ప్రతి నడుస్తుండగా ఆయనే అడిగారు, "అమ్మా, ఇంతకీ ఆ తెర ఎలా ఉంది? కొన్నప్పుడు చాలా మంచి తెరన్నారు."

ఆమెకు కనబడింది మొత్తం మీద నాలుగుసార్లు, సారికి అర నిమిషం. "ఒక్క మచ్చ లేదండీ. కొత్తదానిలా ఉంది," అంది. అది నిజమే.

"అయితే బాగానే దాచాను," అని ఆయన నవ్వబోయి, నవ్వలేక ఆగిపోయారు.

ఆరుకు అయిదు నిమిషాలుండగా తొమ్మిదో కట్టకు లక్క పడింది. కిందనుంచి బండి హారను మోగింది. ముగ్గురూ కట్టలు గుండెలకు అదుముకుని మెట్లు దిగారు. బండివాడు సంతకం తీసుకుని, తలుపు వేసి, తాళం వేశాడు. బండి కదిలింది. మేనేజరు నడిరోడ్డు మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికీ తెలియదు. సందడక్క మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి ఫోను అందుకుంది.

"బండి వెళ్ళిందా?" అన్నారు మాస్టారు.

"వెళ్ళింది మాస్టారూ! తొమ్మిదీ వెళ్ళాయి. మలుపు తిరగడం కూడా చూసే వచ్చాను!"

అవతల ఆయన గొంతు వేరే మనిషిదన్నట్టు సన్నబడింది. "చెల్లీ, ఇక నర్సుని పిలువు."

ఫోను చెల్లెలి చేతికి మారింది. "ఏమీ అనుకోకండమ్మా, ఇక మాట్లాడలేడు. తెలివొచ్చినప్పట్నుంచీ కుట్లు కోసేస్తున్నాయి. నొప్పికి సూది వేస్తామంటే వద్దంటే వద్దన్నాడు. వేస్తే నిద్ర ముంచుకొస్తుందట, మీరు ఆ యంత్రం ముందు ఒక్కరే అయిపోతారట. గంట పైనుంచి మంచం కమ్మీ పట్టుకునే మాట్లాడాడు."

"వేయించండమ్మా, తొందరగా వేయించండి," అంటూనే సందడక్క ఏడ్చేసింది.